ట్రేస్ చదవడం వచ్చా?

2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థను పరీక్షించారు. ముందున్న ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలోనే వెనక వస్తున్న ఇంజిన్‌ను కవచ్ దానంతటదే ఆపేసింది. ఈ పరికరాలు తయారుచేసే సంస్థల్లో మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. రైల్వే సిగ్నల్ ఇంజినీర్లకు 1957 నుంచి శిక్షణనిస్తున్న ఇరిసెట్ ఉన్నది సికింద్రాబాద్ తార్నాకలో.

కవచ్‌లాంటి వ్యవస్థల్లో లెక్క సరిగ్గా వస్తే చాలదు, వేళకు రావాలి. ప్రాసెసర్ ఒక టాస్క్‌ను పక్కనపెట్టి ఇంకో టాస్క్‌ను అందుకోవడమే కాంటెక్స్ట్ స్విచ్. ఏ క్షణాన ఏది ఆగింది, ఏది మొదలైందన్నది వరసగా నమోదుచేస్తే ఆలస్యం ఎక్కడుందో దొరుకుతుంది. ఆ నమోదే ట్రేస్.

దీనికి పాథ్‌ఫైండర్‌ను మించిన పాఠం లేదు. 1997 జులై 4న అంగారకుడిపై దిగిన ఆ నౌక కొద్దిరోజులకే మాటిమాటికీ రీసెట్ కావడం మొదలుపెట్టింది. నాసాకు చెందిన జేపీఎల్ ఇంజినీర్లు భూమ్మీదున్న నమూనాలో ట్రేసింగ్ ఆన్‌చేసి, అదే లోపం మళ్లీ వచ్చేదాకా నడిపించారు. కాంటెక్స్ట్ స్విచ్‌ల రికార్డులో అసలు సంగతి బయటపడింది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్య టాస్క్ ఒక లాక్ పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్య టాస్క్‌లు దాన్ని తోసేసి నడిచాయి. ఆ లాక్ కోసం కాచుకున్న ఎక్కువ ప్రాధాన్య టాస్క్‌కు గడువు దాటిపోయి, వ్యవస్థ రీసెట్ అయ్యేది. లాక్ పట్టుకున్న టాస్క్‌కు, దానికోసం కాచుకున్న టాస్క్ ప్రాధాన్యాన్నే తాత్కాలికంగా ఇచ్చే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్‌ను ఆన్‌చేస్తూ భూమి నుంచి పంపిన చిన్న మార్పుతో రీసెట్లు ఆగాయి.

లినక్స్‌లో ఈ పనికి 2008లో కెర్నెల్‌లో చేరిన ఎఫ్‌ట్రేస్ ఉంది, పెర్ఫ్ ఉంది. షెడ్‌స్విచ్ ఈవెంట్‌లో ఒక్కో లైను దిగిపోయిన టాస్క్ పేరు, పీఐడీ, ప్రయారిటీ, స్థితి చెప్పి, తర్వాత ఎక్కిన టాస్క్‌ను చూపిస్తుంది. స్థితి దగ్గర ‘ఆర్’ ఉంటే, ఇంకా పని ఉండగానే సీపీయూ లాక్కున్నారని అర్థం. ‘ఎస్’ అయితే టాస్క్ తానే నిద్రలోకి వెళ్లింది. ‘డి’ అయితే చాలావరకు డిస్క్ కోసం ఎదురుచూపు. చాలామంది ఫ్రెషర్లు ప్రోగ్రామ్ నెమ్మదించగానే కోడ్ తిరగరాయడానికి కూర్చుంటారు. ‘ఆర్’ కనబడుతుంటే ముందు చూడాల్సింది పోటీపడుతున్న మిగతా టాస్క్‌లను.

హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రోసాఫ్ట్ కేంద్రాలున్నాయి. కెర్నెల్, ఎంబెడెడ్, పెర్ఫార్మెన్స్ ఇంజినీర్ కొలువుల వైపు చూసేవాళ్లకు సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్ పునాది తప్పనిసరి. ఎంబెడెడ్‌లో పీజీ డిప్లొమా కావాలనుకుంటే సీ-క్యాట్ ప్రవేశపరీక్ష రాసి సీడాక్‌లో చేరవచ్చు. అయితే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా, సొంతంగా తీసిన ట్రేస్‌ను లైను లైనూ వివరించగలగడమే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

దానికి ఖర్చేమీ లేదు. లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక పెద్ద ప్రోగ్రామ్ కంపైల్‌కు పెట్టి, రూట్ అనుమతితో ‘పెర్ఫ్ షెడ్ రికార్డ్’ పది సెకన్లు నడపండి. ట్రేసింగ్ కూడా కొంత భారమే కాబట్టి అంతకుమించి వద్దు. తర్వాత ‘పెర్ఫ్ షెడ్ లేటెన్సీ’ ఇచ్చి, అందరికంటే ఎక్కువసేపు కాచుకున్న టాస్క్ ఏదో, ఎందుకో ఒక పేజీలో రాయండి. రెజ్యూమెకు ఆ పేజీని జతచేయండి.