పాత కంప్యూటర్: తూకానికి అమ్మితే తీరే పనేనా?

పాత కంప్యూటర్‌ను పాతసామాన్ల వ్యాపారికి తూకానికి అమ్మేయడం రీసైక్లింగ్ అనిపించుకోదు. డబ్బొస్తుంది కదా అంటారు. నిజమే, కానీ చాలాచోట్ల ఆ డబ్బు తీగల్ని ఆరుబయట కాల్చి రాగిని, సర్క్యూట్ బోర్డుల్ని ఆమ్లంలో ముంచి బంగారాన్ని తీసే పద్ధతి మీద నడుస్తుంది. పాత పిక్చర్‌ట్యూబ్ గాజులోని సీసం మట్టిపాలవుతుంది. అందుకే మన దేశం 2011 ఈ-వ్యర్థాల నిబంధనల్లోనే ఉత్పత్తిదారు విస్తృత బాధ్యత (ఈపీఆర్) తెచ్చింది, అంటే వాడేసిన వస్తువుల బాధ్యత వాటి కంపెనీలదే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2022 నిబంధనలు వస్తువుల జాబితాను 21 నుంచి 106కు పెంచాయి. రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. బాధ్యత కంపెనీలదైతే మనకేం పని అనొచ్చు. యంత్రం నమోదైన రీసైక్లర్‌కు చేరకపోతే ఆ బాధ్యత కాగితం మీదే ఆగిపోతుంది. ఇచ్చేముందు హార్డ్‌డిస్క్‌ను ఓవర్‌రైట్ చేయాలి. డిలీట్ చేస్తే సాధారణంగా ఫైలు ఆచూకీ చెరుగుతుందే గాని సమాచారం చెరగదు.