పోలీసు ఆపి పేరడిగితే

అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లకు సీనియర్లు చాలా చెబుతారు. ఏ అపార్ట్‌మెంట్లలో అద్దె తక్కువ, సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు ఎప్పుడు వెళ్లాలి, మొదటి క్రెడిట్ కార్డు ఏ బ్యాంకు ఇస్తుంది, గోంగూర ఎక్కడ దొరుకుతుంది, అన్నీ చెబుతారు. పోలీసు ఆపితే ఎలా ఉండాలో మాత్రం ఆపిన రోజు వరకూ ఎవరికీ గుర్తురాదు. అందుకే ఈ నాలుగు మాటలు. నేను లాయర్ని కాను, మీ కేసు మీద సలహా లాయరే ఇవ్వాలి. కానీ ఎవరైనా ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మన దగ్గర ట్రాఫిక్ ఎస్సై చెయ్యెత్తితే బండి పక్కకు తీసి, దిగి, కాగితాలు పట్టుకుని మనమే ఆయన దగ్గరకు వెళతాం. అది మర్యాద. ఇక్కడ అదే పని చేస్తే పోలీసు చెయ్యి తుపాకీ మీదకు పోతుంది. ఈ దేశంలో ఎవరి కారులోనైనా తుపాకీ ఉండవచ్చు, కాబట్టి ఆ అధికారి చూపంతా మీ చేతుల మీదే ఉంటుంది. వెనక లైట్లు వెలగగానే సిగ్నల్ వేసి కుడివైపుకు తీసి ఆపండి. ఇంజన్ ఆపి, అద్దం దించి, రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చోండి. ఆయన వచ్చేలోపు కాగితాల కోసం డాష్‌బోర్డు అరలో వెతక్కండి. అడిగాక, "ఇన్సూరెన్స్ ఆ అరలో ఉంది, తీయమంటారా?" అని చెప్పి అప్పుడు నెమ్మదిగా తీయండి. దిగమంటే దిగాలి. డ్రైవర్ని దిగమనే అధికారం పోలీసుకు ఉందని సుప్రీంకోర్టు 1977లోనూ, పక్కన కూర్చున్నవాళ్లకూ అది వర్తిస్తుందని 1997లోనూ తేల్చింది. డబ్బుతో సర్దుకుందామన్న సూచన మాటల్లో గానీ చేతల్లో గానీ రాకూడదు. రెండువందల డాలర్ల టికెట్టు కాస్తా లంచం కేసయి కూర్చుంటుంది. టికెట్టు మీద సంతకం చేయమంటే చేయండి. అది తప్పు ఒప్పుకోవడం కాదు, కోర్టుకు వస్తాననో జరిమానా సంగతి చూసుకుంటాననో ఇచ్చే హామీ మాత్రమే. ఆ తర్వాత గడువు మరిచిపోకండి. హాజరు కాకపోతే వారంటు పుట్టవచ్చు.

కారు నడిపేవాళ్లకు పేరు చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. లైసెన్సు, ఇన్సూరెన్సు చూపించాల్సిందే. చిక్కంతా నడిచేవాళ్లది, కూర్చున్నవాళ్లది, పక్క సీట్లో ఉన్నవాళ్లది.

ఇక్కడి చట్టం దృష్టిలో పోలీసుతో మాట మూడు రకాలు. ఒకటి, ఊరికే పలకరింపు. మీరు జవాబు చెప్పకుండా నడిచిపోవచ్చు. రెండోది, ఆపి నిలబెట్టడం. దీనికి ఫలానా నేరం జరిగిందనో జరగబోతోందనో సహేతుకమైన అనుమానం ఉండాలని 1968లో టెర్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడోది అరెస్టు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "యామ్ ఐ ఫ్రీ టు గో?" వెళ్లవచ్చంటే మారుమాట్లాడకుండా వెళ్లండి. కాదంటే ఆగండి. పరుగెత్తకండి, చెయ్యి విదిలించకండి.

ఆపి నిలబెట్టినప్పుడు పేరు చెప్పాలా? రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఒక సందులో నడుస్తున్న మనిషిని ఏ నిర్దిష్ట అనుమానమూ లేకుండా ఆపి, పేరు చెప్పలేదని పట్టుకుని జరిమానా వేస్తే, 1979లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్షను కొట్టేసింది. కారణం లేకుండా ఆపి పేరు చెప్పనందుకు శిక్షించడం కుదరదంది. తర్వాత నెవాడాలో రోడ్డు పక్కన నిలబడ్డ ఒక రాంచ్ యజమానిని షెరీఫ్ డిప్యూటీ పదకొండుసార్లు గుర్తింపు అడిగాడు. ఆయన పదకొండుసార్లూ నిరాకరించాడు. 250 డాలర్ల జరిమానా పడింది. అది 2004లో సుప్రీంకోర్టుదాకా వెళితే 5-4 తీర్పుతో ఆయన ఓడిపోయాడు. సరైన అనుమానంతో ఆపినప్పుడు పేరు చెప్పమని రాష్ట్రం చట్టం చేసుకోవచ్చన్నారు. అయితే ఆ నెవాడా చట్టం అడిగేది పేరే, కాగితం కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

అక్కడి నుంచి రాష్ట్రాల దారులు వేరు. ఒహాయోలో పేరు, చిరునామా, పుట్టినతేదీ చెప్పకపోతే నేరం. అరిజోనాలో, చెప్పకపోవడం నేరమని హెచ్చరించాక కూడా పూర్తి పేరు చెప్పకపోతే నేరం. కాలిఫోర్నియాలో అలాంటి సాధారణ చట్టం లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్ చట్టం చదవదగ్గది. నడిచిపోయే మనిషిని ఆపినప్పుడు పేరు చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరం కాదు, చట్టబద్ధంగా అరెస్టు చేశాక చెప్పకపోతే నేరం. కానీ ఆపిన దశలోనే దొంగ పేరో దొంగ పుట్టినతేదీనో చెబితే అప్పుడే నేరం. మౌనాన్ని సహించిన చోట కూడా అబద్ధాన్ని సహించరు.

నా మటుకు నేను వీసా మీద ఉన్నవాళ్లకు చెప్పేది ఇది: చట్టం బలవంతపెట్టని చోట కూడా పేరు చెప్పేయండి. పౌరుడు హక్కు కోసం ఒక రాత్రి లాకప్పులో ఉండి, మర్నాడు కేసు గెలిచి ఇంటికి పోగలడు. మన సంగతి అలా కాదు. స్టాంపింగుకు నింపే డీఎస్-160 ఫారంలో శిక్ష పడిందా అని మాత్రమే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. కేసు కొట్టేసినా ఆ గడిలో అవునని రాయాల్సిందే. పేరు చెప్పండి. మిగతా ప్రశ్నలకు, ఎక్కడి నుంచి వస్తున్నావు, ఏం పని చేస్తావు, కారులో ఏముంది అన్నవాటికి, జవాబు చెప్పకపోయే హక్కు మీకుంది. దాన్ని గొంతు పెంచకుండా వాడుకోండి.

ఇక పేరు చెప్పడంలోనే మనకు ప్రత్యేకంగా ఒక గొడవుంది. దీని గురించి ఇంగ్లీషు గైడ్లలో ఎక్కడా రాయరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక చోట, పెట్టిన పేరు ఒక చోట. పిలిచేది మూడో పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో మొత్తం పేరు ఇంటిపేరుగా పడి, ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వస్తుంది. వెంకట సత్య సాయి కృష్ణ అన్న కుర్రాడిని ఆపి పేరడిగితే "సాయి" అంటాడు, ఆఫీసులో పిలిచే పేరు అదే గనక. కంప్యూటర్‌లో సాయి అన్న మనిషే లేడు. వాడు అబద్ధం చెప్పలేదు, కానీ ఎదుటివాడికి అలా కనబడడు. లైసెన్సు మీద ఏ వరుసలో ఏ అక్షరాలు ఉన్నాయో అలాగే, ఇంటిపేరు ఏదో విడదీసి, అవసరమైతే స్పెల్లింగుతో చెప్పండి.

పుట్టినతేదీ ఇంకా పెద్ద తలనొప్పి. బడిలో వేసేటప్పుడు మాస్టారు రాసిన తేదీ ఒకటి, అమ్మ చెప్పే తేదీ ఇంకొకటి అన్న వాళ్లు మనలో ఎందరో ఉన్నారు. కేకు కోసే తేదీని పోలీసుకు చెప్పకండి. సర్టిఫికెట్ తేదీయే ఇక్కడ మీ పుట్టినరోజు. చెప్పేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత. ఐదో తేదీ పదకొండో నెల అనుకుని 5-11 అంటే మే పదకొండుగా రాసుకుంటారు. నవంబరు ఐదు అని నెల పేరు పెట్టి చెబితే గొడవ ఉండదు. అమ్మానాన్నల చేత కూడా ఇది రెండుసార్లు ఇంట్లో అనిపించండి.

ఇమ్మిగ్రేషన్ కాగితాల విషయం వేరే. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ తన రిజిస్ట్రేషన్ రుజువును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. గ్రీన్ కార్డు ఉంటే అదే. మనలో చాలామందికి అది, దేశంలోకి వచ్చినప్పుడు నమోదయ్యే ఐ-94. సరిహద్దు తనిఖీ శాఖ సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది, డబ్బేమీ కట్టక్కర్లేదు. పని అనుమతి కార్డు (ఈఏడీ) ఉన్నవాళ్లకు ఆ కార్డు. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు గానీ 2025 నుంచి దీన్ని అమలు చేస్తామని ప్రభుత్వం గట్టిగా చెబుతోంది. ఐ-94 ప్రింటు మడిచి పర్సులో పెట్టుకోండి. ఇల్లు మారితే పది రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 నింపండి.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వాళ్లు లాంగ్ వీకెండ్‌కు సౌత్ పాడ్రే ఐలాండ్ వెళ్లివస్తుంటారు. తిరిగొచ్చేటప్పుడు యూఎస్-77 మీద సరీటా దగ్గర, యూఎస్-281 అయితే ఫాల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ చూసి లాస్ క్రూసెస్ వైపు వచ్చేవాళ్లకూ ఒకటి ఎదురవుతుంది. మెక్సికోలోకి అడుగు పెట్టకపోయినా అక్కడ ఆగాల్సిందే. అలాంటి చోట ఏ అనుమానమూ లేకుండానే ఆపి ఒకటి రెండు ప్రశ్నలు అడగవచ్చని సుప్రీంకోర్టు 1976లోనే ఒప్పుకుంది. ఏజెంటు కారులోకి తొంగిచూసి, "యూఎస్ సిటిజన్స్?" అంటాడు. వెనక పిల్లలు ఏడుస్తుంటారు, నడిపేవాడు అలసిపోయి ఉంటాడు, తలూపి "యెస్" అనేస్తాడు. ఆ ఒక్క తలూపు చాలా ఖరీదైనది. పౌరుడు కానివాడు పౌరుడినని చెప్పుకోవడం గ్రీన్ కార్డు దారినే మూసేయగలదు, దానికి మాఫీలు దాదాపు లేవు. పిల్లలు ఇక్కడే పుట్టారు, మేము హెచ్-1బీ అని విడదీసి చెప్పండి. ఆ ప్రయాణంలో అసలు పాస్‌పోర్టులు తీసుకెళ్లండి, హోటల్లో మరిచిపోకండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ ఉన్నది మనం పిలిపించుకునే తల్లిదండ్రుల గురించి.

2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం మాడిసన్‌లో యాభై ఏడేళ్ల గుజరాతీ పెద్దాయన, మనవణ్ణి చూసుకోవడానికి కొడుకింటికి వచ్చినవాడు, పొద్దున్నే వీధిలో నడుస్తున్నాడు. ఎవరో కొత్త మనిషి ఇళ్లవైపు చూస్తూ తిరుగుతున్నాడని పోలీసులకు ఫోన్ వెళ్లింది. వచ్చిన అధికారులు అడిగినవి ఆయనకు అర్థం కాలేదు. ఇంగ్లీషు రాదన్నాడు, ఇండియా అన్నాడు. కొద్ది క్షణాల్లో ఒక అధికారి ఆయన్ని నేలకేసి కొట్టాడు. వెన్నెముక దెబ్బతిని పాక్షికంగా పక్షవాతం వచ్చింది. రాష్ట్ర గవర్నర్ క్షమాపణ చెప్పాడు. ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, 2016 జనవరిలో జడ్జి ఆ అధికారిని నిర్దోషిగా వదిలేశారు. నగరంతో పరిహారం 17.5 లక్షల డాలర్లకు తేలేసరికి 2021 వచ్చింది. ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు. వీధిలో నడవడం తప్పు కాదు. తప్పంతా అవతలివాళ్లదే. అయినా మన నాన్నగారు రేపు పొద్దున్న అదే వీధిలో నడవాలి గనక మనం చేయగలిగింది మనం చేయాలి.

మనవాళ్ల వాకింగ్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కొత్త ఇల్లు కడుతుంటే లోపలికి వెళ్లి చూస్తారు. పూజకని పక్కవాళ్ల ముంగిట్లో రెండు మందారాలు కోస్తారు. పార్కులో ఎవరి పిల్లాడైనా ముద్దుగా కనిపిస్తే బుగ్గ పట్టుకుంటారు. ఊళ్లో ఇవేవీ తప్పులు కావు. ఇక్కడ ఒక్కొక్కటీ ఒక ఫోన్ కాల్. వద్దని ముందే, నొప్పించకుండా, కారణంతో సహా చెప్పండి. ఒక కార్డు రాసి జేబులో పెట్టండి: పేరు, మీ ఇంటి చిరునామా, మీ దంపతులిద్దరి ఫోన్ నంబర్లు, నాకు తెలుగు మాత్రమే వచ్చు, దయచేసి ఇంటర్‌ప్రెటర్‌ని పిలవండి అని ఇంగ్లీషులో. దానితో ఐ-94 ప్రింటు, పాస్‌పోర్టు జిరాక్సు. అయితే ఆ కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టడమే ప్రమాదం కావచ్చు, కాబట్టి ఐడీ కార్డులా మెళ్లో వేసుకునేది అయితే మంచిది. పోలీసు కనబడితే ఆగి, చేతులు కనబడేలా ఉంచి, "తెలుగు, ఇంటర్‌ప్రెటర్" అన్న రెండు మాటలు అంటే చాలు. పోలీసు తమ చెయ్యి పట్టుకుంటే లాక్కోవద్దని మరీ మరీ చెప్పండి. చెయ్యి లాగేసుకోవడం మనకు సహజం, ఇక్కడ దానికి ప్రతిఘటన అని పేరు.

సోదా సంగతి క్లుప్తంగా. కారు వెతుక్కోనిస్తారా అని పోలీసు మర్యాదగా అడిగితే అది ఆజ్ఞ కాదు, అనుమతి కోరడం. కాదనే హక్కు మీకుందని ఆయన చెప్పక్కర్లేదని కూడా కోర్టులు అన్నాయి. "ఐ డు నాట్ కన్సెంట్" అనండి, అడ్డుపడకండి. ఫోను చూడాలంటే, అరెస్టు చేసిన తర్వాత కూడా, మామూలుగా వారంటు కావాలని 2014లో తీర్పు వచ్చింది.

అరెస్టే జరిగితే వాదన అక్కడికక్కడ వద్దు. పేరు, పుట్టినతేదీ, చిరునామా చెప్పి, లాయరు కావాలని చెప్పి ఊరుకోండి. భారత కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం కింద మీకుంది. కొన్ని దేశాలవాళ్లయితే అడగకపోయినా చెప్పాల్సిందే. మన దేశం ఆ జాబితాలో లేదు, మీరు నోరు తెరిచి అడిగితేనే చెబుతారు. అన్యాయం జరిగిందనిపిస్తే అధికారి పేరు, బ్యాడ్జి నంబరు, సమయం, చోటు రాసుకుని తర్వాత ఫిర్యాదు చేయండి. రోడ్డు మీద గెలవాలని చూడకండి.

ఈ శనివారం ఒక గంట తీసుకోండి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల ఐ-94లు ప్రింటు తీసి, ఆ కార్డు తయారుచేసి, లైసెన్సు మీద ఉన్నట్టు పేరు, తేదీ చెప్పడం అందరిచేతా ఒకసారి పలికించండి. కొత్తగా వచ్చిన మీ రూమ్మేట్లకూ ఇదంతా చెప్పండి.