శుక్లాల ఆపరేషన్‌కు సంతకం ఒక్కటే చాలదు

ప్రశ్న: చిన్న పట్టణంలో కంటి ఆసుపత్రి నడుపుతున్నాను. అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటే కేసుల బెడద తప్పుతుందా?

జవాబు: తప్పదండీ. చికిత్స ఏమిటో, దాని ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమున్నాయో రోగికి తగినంత తెలిశాకే అది అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. థియేటర్ గుమ్మం దగ్గర, కంట్లో చుక్కలు వేసి చూపు మసకబారాక, ఇంగ్లీషు కాగితం మీద వేయించిన వేలిముద్ర ఎంతవరకు నిలుస్తుంది? ముందుగానే ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి తెలుగులో మాట్లాడండి. లెన్స్ వెనక పొర చిరగవచ్చని, ఇన్ఫెక్షన్ అరుదే అయినా చూపు పోవచ్చని, తర్వాత కూడా కళ్లజోడు అవసరం పడవచ్చని చెప్పండి. షుగర్ వల్ల రెటీనా అప్పటికే దెబ్బతింటే, చూపు ఏ మేరకు రావచ్చో ఆ రోజే కేస్ షీటులో రాయండి. గొడవలు ఎక్కువగా పుట్టేది చూపు మీద పెట్టుకున్న ఆశ దగ్గరే అని నా అభిప్రాయం.

ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నారేమో అడగండి. వాడినవారికి ఆపరేషన్ మధ్యలో కంటిపాప ముడుచుకుపోవచ్చు. పేషెంటు ఎవరు, ఏ కన్ను, లెన్స్ పవరెంత అన్నది కోతకు ముందు సిబ్బంది ఎదుట పైకి చదివించండి. ఒకే రోజు ఇద్దరు వెంకటేశ్వర్లు రావడం మన దగ్గర వింతేమీ కాదు కదా!

పొర చిరిగితే ఆ పూటే చెప్పండి, ఉన్నదున్నట్టు రాయండి. తర్వాత దిద్దిన కేస్ షీటు అసలు పొరపాటు కంటే ఎక్కువ చేటు చేస్తుంది. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఎత్తే ఫోన్ నంబరు వాళ్ల చేతికివ్వండి.