జామ మేలా? పాలకూర మేలా?

మెదక్ చుట్టుపక్కల బోరు కింద ఐదు గుంటల జాగా ఉన్న చిన్న రైతులకు వచ్చే సందేహమిది.

పాలకూర నెలకే కోతకొస్తుంది. ఆపై సుమారు 15 రోజులకో కోత. చేతిలో పైసలాడతాయి. కానీ తడి తప్పకూడదు, కోసిన రోజే అమ్ముడుపోవాలి.

జామ అంటు మూడో ఏటికిగానీ కాపుకు రాదు. వేరు పట్టాక మాత్రం బెట్టకు ఓర్చుకుని ఏళ్ల తరబడి కాస్తుంది.

కౌలు భూమైతే ఆకుకూరే మేలు. సొంతదైతే రెండూ వేయండి. జూన్, జూలైలో 20 అడుగుల ఎడంతో రెండడుగుల గుంతలు తీసి, పశువుల ఎరువు వేసి, 13 అంట్లు నాటండి. మొదటి రెండేళ్లు వరుసల నడుమ పాలకూర, మెంతికూర వేసుకోండి. మొదళ్ల చుట్టూ మూడడుగులు వదలండి.

ఎండాకాలం బోరు తగ్గితే ఆకుకూర ఆపి, ఉన్న నీళ్లు జామకే పోయండి. ఆకుకూర మళ్లీ విత్తుకోవచ్చు. అంటు ఎండితే ఏళ్ల కష్టం పోయినట్టే.