జబ్బుకు జాతి లేదు

కరోనా జబ్బు 2019 చివర చైనాలోని వూహాన్ నగరంలో బయటపడింది. 2020లో ప్రపంచమంతా పాకింది. లక్షల మంది చనిపోయారు.

అమెరికాలో చైనా, కొరియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల నుంచి వెళ్లి స్థిరపడినవారు ఉన్నారు. అక్కడే పుట్టి పెరిగినవారూ ఉన్నారు. "ఈ జబ్బు మీవల్లే వచ్చింది" అని కొందరు వాళ్ల మీద పడ్డారు. తిట్టారు. ఉమ్మేశారు. ముసలివాళ్లని కూడా కొట్టారు. 2020 మార్చి నుంచి 2021 ఫిబ్రవరి దాకా ఒక సంస్థకే 3,795 ఫిర్యాదులు అందాయి. అందులో నూటికి 68 ఆడవాళ్లవే.

2021 మార్చి 16న అట్లాంటా ప్రాంతంలో ఒకడు తుపాకీతో కాల్చి 8 మందిని చంపాడు. వారిలో ఆరుగురు ఆసియా ఆడవాళ్లు. జాతి ద్వేషం కాదని వాడన్నాడు. చాలామంది నమ్మలేదు. జనం వీధుల్లోకి వచ్చారు. మే 20న ఇలాంటి నేరాల మీద కొత్త చట్టం వచ్చింది.

మన దేశంలోనూ 2020లో ఈశాన్య రాష్ట్రాలవారిని "కరోనా" అని పిలిచి ఏడిపించారు. వాళ్లు మనవాళ్లే కదా!

మన పల్లెల్లో ఎవరికైనా జబ్బు చేస్తే, బాణామతి చేసిందని దిక్కులేని ఆడదాన్ని కొట్టడం లేదా? ఇదీ అంతే.

జబ్బు క్రిమికి ముఖం తెలీదు, కులం తెలీదు. దగ్గితే, తుమ్మితే ఎవరి నుంచైనా ఎవరికైనా అంటుతుంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటే, చేతులు కడుక్కుంటే, టీకా వేయించుకుంటే జబ్బు తగ్గుముఖం పడుతుంది. మనిషిని కొడితే తగ్గదు.

ఆలోచించండి: మీ ఊళ్లో జబ్బు వచ్చినప్పుడు నింద ఎవరి మీద పడింది? అప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారు?