నీటి నుండి ఉదజని వాయువు: ఇంటి ఘటముల లెక్క

నీటిని విద్యుత్తుచే విడగొట్టి ఉదజని వాయువును, అనగా హైడ్రోజనును, తయారుచేయు చిన్న ఘటములను ఇంటివద్దనే అమర్చుకొనవచ్చునను మాట నేడు గ్రామములకును ప్రాకినది. ఆ వాయువును ఇంజనులోనికి పంపినచో డీజిలు ఖర్చు సగమగుననియు, పొయ్యిలో మండించినచో గ్యాసు బండతో పనిలేదనియు చెప్పువారు కలరు. అట్టి యంత్రమును పంచాయతీ నిధులతో కొనవలెనని ఎవరైన తీర్మానము తెచ్చినపుడు, అవుననుటకు గాని కాదనుటకు గాని సభ్యులకు కొంత శాస్త్రము, కొంత లెక్క తెలిసియుండవలెను. కరెంటు బిల్లు చదువ నేర్చినవారికి ఈ లెక్క కష్టమైనది కాదు.

నీటిని విద్యుత్తుతో విడగొట్టుట క్రొత్త విద్య కాదు. 1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడగు వోల్టా విద్యుద్ఘటమాలను లోకమునకు తెలియజేసిన కొలది కాలమునకే, ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అను ఇరువురు దాని తీగలను నీట ముంచి, రెండు కొనల వద్దను బుడగలు లేచుట చూచిరి. ఋణధ్రువము వద్ద ఉదజనియు, ధనధ్రువము వద్ద ఆమ్లజనియు పుట్టును. ఉదజని ఘనపరిమాణము ఆమ్లజనికి రెండింతలు. శుద్ధమైన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహింపదు గనుక కొంచెము క్షారమును కలుపుదురు. క్షారము తరుగదు, నీరు మాత్రమే తరుగును. ఒక కిలో ఉదజనికి తొమ్మిది లీటర్ల నీరు చాలును.

నీరు ఇంత చవుక గనుక ఉదజనియు చవుకయే అని తోచుట సహజము. కాని నీరు ఇంధనము కాదు. అది ఉదజని మండిన పిమ్మట మిగులు పదార్థము, అనగా ఒక విధమైన బూడిద. దానిని మరల ఇంధనముగ మార్చుటకు వెచ్చించిన శక్తి కంటె, ఆ ఇంధనమును మండించినపుడు వచ్చు శక్తి ఎన్నడును ఎక్కువ కానేరదు. మోటారుతో ట్యాంకుకు ఎక్కించిన నీటిని క్రిందికి వదలి, ఆ ధారతోనే మోటారును నడపి మరల ట్యాంకు నింపుదుమని ఎవరైన చెప్పినచో సభ్యులు నమ్ముదురా? ఇదియు అట్టిదే. కిలో ఉదజనిని మండించిన సుమారు 33 యూనిట్ల వేడి లభించును. దానిని తయారుచేయుటకు ఉత్తమమైన కర్మాగారములలో సైతము 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తు వ్యయమగుచున్నది.

ఇక ఇంటి ఘటము సంగతి. ఒకే జత లోహపు పలకలను క్షారజలమున ముంచి, 12 వోల్టుల బ్యాటరీకి కలుపుట సామాన్యముగా చేయు పని. పది ఆంపియర్ల ప్రవాహము గంటసేపు సాగినదనుకొందము. వ్యయమైనది 120 వాట్ గంటలు, అనగా యూనిట్‌లో ఎనిమిదవ వంతు. వచ్చిన ఉదజని నాలుగున్నర లీటర్లు. దానిలోని శక్తి పన్నెండున్నర వాట్ గంటలు మాత్రమే. పదింట తొమ్మిది పాళ్లు నీటిని కాచుటకే పోయినవి. నీటిని విడగొట్టుటకు ఒక జత పలకల నడుమ రెండు వోల్టులకు కొంచెము హెచ్చుగా ఉన్న చాలును. తక్కినదంతయు వేడియే.

అందువలన తెలిసినవారు పలకలను వరుసగా పేర్చి, నడుమ రబ్బరు వలయము లుంచి, ఐదు లేక ఆరు గదులుగా చేసి, 12 వోల్టులను వాటికి పంచుదురు. అదే ప్రవాహమునకు ఒక్కొక్క గదిలోను అంతే వాయువు పుట్టును గనుక ఐదు గదులలో ఐదింతలు వచ్చును. పలకల నడుమ ఎడము తగ్గించుట, వైశాల్యము పెంచుట కూడ మేలుచేయును. ఘటనిర్మాణములో నిజమైన నేర్పు ఇంతవరకే. ఇంత చేసినను వెచ్చించిన శక్తిలో ఇంచుమించు సగమే వాయువుగ చేతికి దక్కును.

లీటరు డీజిలులో సుమారు పది యూనిట్ల వేడి గలదు. దానికి సరియగు ఉదజనిని పైన చెప్పిన ఒంటి ఘటముతో చేయుటకు 800 గంటలు పట్టును. ఐదు గదుల దానికైనను 160 గంటలు. ఆ విద్యుత్తును ఇంజనుకు తగిలించిన డైనమో నుండియే తీయుదుమందురా, డీజిలు వేడిలో మూడవ వంతుకు మించి సామాన్యముగా ఇంజను పనిగా మార్పదు. డైనమోలో కొంత, ఘటములో సగము పోయి, మిగిలిన వాయువు మరల ఆ ఇంజనులోనే మండవలెను. నూరు పాళ్లతో మొదలిడిన లెక్క రెండు మూడు పాళ్లతో ముగియును. నీటితో కారు నడపుదునని అమెరికాలో పెట్టుబడులు సేకరించిన స్టాన్లీ మేయర్ ఘటమును నిపుణులు పరీక్షింపగా, అది సాధారణ విద్యుద్విశ్లేషణమే అని తేలినది. 1996లో ఒహాయో న్యాయస్థానము దానిని మోసముగ నిర్ణయించి, సొమ్ము తిరిగి యిమ్మని ఆజ్ఞాపించినది.

నష్టము ధనముతో పోయిన సరి. ప్రాణముల సంగతి వేరు. ఇంటి ఘటములు అనేకము ఉదజని, ఆమ్లజనులను రెంటిని ఒకే గొట్టమున రప్పించును. ఆ మిశ్రమమునకు కంటికి కానరాని నిప్పురవ్వ చాలును, సీసా తునాతునకలగును. గాలిలో నూటికి నాలుగు పాళ్లు మొదలు డెబ్బదియైదు పాళ్ల వరకు ఉదజని ఏ మోతాదున కలిసినను అంటుకొనును. పగటివేళ దాని మంట దాదాపు కనబడదు. ఘటములో క్షారమునకు బదులు వంట ఉప్పు వేసినచో ధనధ్రువము వద్ద క్లోరిన్ అను విషవాయువు పుట్టును. స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు ధనధ్రువముగ నున్నపుడు అందలి క్రోమియము కరగి, నీటిని పసుపుపచ్చగ మార్చవచ్చును. అది కాన్సరు కలిగించు జాతి క్రోమియము. ఆ నీటిని కాలువలో గాని, బావిదాపున గాని పారబోయుట త్రాగునీటికి ముప్పు. త్రాగునీటి బాధ్యత పంచాయతీది గనుక ఈ విషయమును సభ్యులు ప్రత్యేకముగ గమనింపవలెను.

అట్లని ఈ ప్రయోగమును గ్రామము నుండి వెలివేయనక్కరలేదు. ఉన్నత పాఠశాలలో దీనికి తగిన చోటు గలదు. గాజుపాత్రలో బట్టల సోడా కలిపిన నీరు, రెండు పెన్సిలు సీసపు కడ్డీలు, 9 వోల్టుల చిన్న బ్యాటరీ, నీటితో నింపి బోర్లించిన రెండు పరీక్షనాళికలు చాలును. ఒక్కొక్క కడ్డీపై ఒక్కొక్క నాళిక నుంచవలెను. రెండు వాయువులను కలియనీయరాదు. ఆమ్లజనిలో కొంత నీట కరగును, కొంత కడ్డీని తినివేయును. కావున కొలత సరిగ్గా సగము రాకున్నచో ఉపాధ్యాయుడు దానిని దాచక కారణము చెప్పుట మంచిది. పిల్లలు నేర్చుకొనునది అచ్చటనే గదా! ఉదజని నాళికకు మంట చూపుట ఉపాధ్యాయుని పని, కన్నులకు అద్దములు ధరించి మాత్రమే. గోడలోని కరెంటును తిన్నగా ఘటమునకు కలుపుట ప్రాణాంతకము.

పెద్ద ఎత్తున ఈ విద్యకు విలువ లేదనరాదు. భాక్రా ఆనకట్ట విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ ఉదజనితో పంజాబులోని నంగల్ కర్మాగారము 1961 నుండి నత్రజని ఎరువును తయారుచేసినది. తరువాత ఆ పద్ధతి విడిచి నూనెను, పిదప సహజవాయువును వాడిరి. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆమోదించిన హరిత ఉదజని పథకము 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యముగ పెట్టుకొన్నది. సూర్యుని వలన, గాలి వలన వచ్చు విద్యుత్తుతో చేసి ఎరువులకు, ఉక్కునకు వాడవలెనని దాని ఆశయము. శక్తి లాభము అక్కడను లేదు. బొగ్గును, సహజవాయువును తగ్గించుటయే లాభము.

ఇంతకును, కొనకుండగనే ఒక ఉదజని ఘటము మీ పంచాయతీ కార్యాలయములో ఉండవచ్చును. ఇన్వర్టరు బ్యాటరీని అతిగా చార్జి చేసినపుడు దానిలోని నీరు ఇట్లే విడిపోయి రెండు వాయువులును వెలువడును. మాటిమాటికి డిస్టిల్డ్ వాటరు పోయవలసి వచ్చుటకు ముఖ్యకారణమిది. ఉదజని గాలి కంటె పదునాలుగింతలు తేలిక గనుక కప్పు క్రింద చేరును. ఆ గదికి కిటికీ ఉన్న చాలదు, గోడ పైభాగమున కంతలు ఉండవలెను. బ్యాటరీ దగ్గర బీడీ, అగరువత్తి వెలిగింపరాదు. తీగలను విప్పుటకు ముందు చార్జరును ఆపవలెను.