గడ్డి కట్టల యంత్రము: ముందు ఇంజను ఆపవలెను, పిమ్మట చేయి పెట్టవలెను

దాళ్వా కోతల దినములలో గోదావరి డెల్టాలోని ఏ గ్రామమునకు పోయినను నేడొక దృశ్యము కనబడును. కోత యంత్రము సాగిపోయిన చేలలో గడ్డి వరుసలుగా పడియుండును. ట్రాక్టరునకు తగిలించిన మరియొక యంత్రము ఆ గడ్డిని ఏరి, నొక్కి, పురికొసతో బిగించి, కట్టలుగా వెనుకకు విడుచుచుండును. రైతులు దీనిని గడ్డి కట్టల మిషను అనియు, బేలరు అనియు పిలుచుచున్నారు.

పూర్వము కొడవలితో కోసి, పనలు వేసి, కుప్పలు నూర్చిన కాలమున గడ్డి చెదరక చేతికి వచ్చెడిది. పెరటిలో గడ్డిమేటు వేసికొనుటకు అది అనువుగా నుండెడిది. కోత యంత్రములు వచ్చిన పిమ్మట గడ్డి చేలోనే చెల్లాచెదురై మిగులుచున్నది. ఏరుటకు కూలీలు దొరకక కొందరు రైతులు దానిని తగులబెట్టుచున్నారు. అందువలన పశువుల మేత పోవును; నేలపైపొరలోని మేలైన సూక్ష్మజీవులు నశించును; పొగ ఊరిని క్రమ్మును. కావున ఈ యంత్రము డెల్టా రైతునకు మేలు చేయు సాధనమే యనుటలో సందేహము లేదు. కాని ఆ మేలునకు ఒక కూలివాని చేయి మూల్యము కారాదు. ఈ విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన పని యెంతయో కలదు. అది చేయుటకు ముందు యంత్రము తీరును, ప్రమాదము వచ్చు వేళను తెలిసికొనుట అవసరము.

యంత్రము పనిచేయు తీరు

ట్రాక్టరు వెనుకనుండి ఒక ఇనుప కడ్డీ తిరుగుచు యంత్రమునకు శక్తి నిచ్చును. దీనిని పి.టి.ఓ. షాఫ్టు అందురు. సాధారణముగా ఇది నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. షాఫ్టు మందము 7 సెంటీమీటర్లు అనుకొన్నచో దాని చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. ఆ లెక్కన దానికి తగులుకొన్న తువ్వాలుగాని, చీర చెంగుగాని ఒక్క సెకనులో దాదాపు 2 మీటర్లు చుట్టుకొనిపోవును.

యంత్రము ముందు భాగమున నేలకు దగ్గరగా ఇనుప పళ్ళు తిరుగుచు గడ్డిని లోపలి గదికి లాగును. గుండ్రని కట్టలు చేయు యంత్రములలో రోలర్లుగాని, బెల్టులుగాని గడ్డిని చుట్టును. పలకల కట్టలు చేయు యంత్రములలో బరువైన దిమ్మె వంటి భాగము ముందుకు వెనుకకు కదలి గడ్డిని నొక్కును. పురికొసను చుట్టుటకు పెద్ద సూదులు లోనికి దూసికొని వచ్చును. ఈ రకము యంత్రములకు ఒక బరువైన చక్రము కూడ ఉండును. శక్తిని నిలిపిన తరువాతను అది కొంతసేపు తిరుగుచునే యుండునని మరువరాదు.

ప్రమాదము వచ్చు వేళ

యంత్రము చక్కగా నడచుచున్నంతసేపు మనిషి దాని జోలికి పోడు. గడ్డి అడ్డుపడి పని నిలిచినపుడే ప్రమాదము పొంచియుండును. సార్వా గడ్డిలో తడి యెక్కువ. దాళ్వాలో సైతము మంచు ఆరని ఉదయమునను, బోదెల ప్రక్కనున్న పల్లపు చేలలోను గడ్డి తడిగా నుండి పళ్ళ మధ్య ముద్దగా ఇరుకుకొనును. అప్పుడు డ్రైవరు ఇంజను ఆపకయే దిగి, చేతితో గడ్డిని పీకుటకో, కాలితో లోనికి త్రోయుటకో యత్నించును.

యంత్రము పట్టుకొన్నచో చేయి వదలివేయవచ్చునని అతని ధీమా. ఇది ఎంత తప్పో లెక్క చూచిన తెలియును. వదలవలెనని తోచి వ్రేళ్ళు విప్పుటకు అర సెకనైనను పట్టును. పైన చెప్పిన వేగముతో లాగబడు గడ్డి ఆ అర సెకనులో మీటరు మేర లోనికి పోవును. మన చేయి మీటరు పొడవు లేదు.

తెలిసియు ఏల చేయుదురు?

ఈ ప్రమాదము డ్రైవర్లకు తెలియనిది కాదు. తెలిసిన వారును చేయి పెట్టుటకు మూడు కారణములు కలవు. మొదటిది కూలి లెక్క. కట్టకు ఇంత అని బేరము కుదిరినపుడు, ఆపిన ప్రతి నిమిషము డ్రైవరునకు నష్టముగా తోచును. రెండవది రైతు తొందర. మబ్బు పట్టినదనియు, చీకటి పడుచున్నదనియు, ప్రక్క చేను రైతు ఎదురుచూచుచున్నాడనియు గట్టు మీదినుండి తరచు హెచ్చరికలు వచ్చును. మూడవది చిన్న విషయమువలె కనబడును గాని చాల ముఖ్యమైనది. బ్యాటరీ బలహీనమైన ట్రాక్టరును ఒకసారి ఆపినచో మరల స్టార్టు కాదను భయముతో డ్రైవరు దినమంతయు ఇంజను ఆపడు. కావున డ్రైవరునకు నీతులు చెప్పినంతమాత్రమున ప్రమాదము తొలగదు. ఈ మూడు కారణములను తొలగింపవలెను.

పాటింపవలసిన నియమములు

1. గడ్డి అడ్డుపడినపుడు ముందు పి.టి.ఓ.ను విడదీయవలెను. పిమ్మట ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చేయి పెట్టు మనిషియే దానిని తన జేబులో వేసికొనవలెను. కదలు భాగము లన్నియు పూర్తిగా నిలిచిన తరువాతనే గడ్డిని తీయవలెను. ఈ వరుస మార్చరాదు.

2. షాఫ్టు పైనుండు రక్షణ తొడుగు పగిలినను, ఊడినను క్రొత్తది వేయు వరకు యంత్రమును చేలోనికి దింపరాదు. తిరుగుచున్న షాఫ్టును ఎవరును దాటరాదు.

3. యంత్రము వద్ద పనిచేయువారు వదులు పంచె, మెడలో తువ్వాలు, వ్రేలాడు చెంగు లేకుండ బిగుతైన దుస్తులు ధరింపవలెను. జడలను ముడివేసికొనవలెను.

4. గుండ్రని కట్టల యంత్రమున వెనుక తలుపు ఎత్తినపుడు, అది క్రిందికి పడకుండ గొళ్ళెము వేయనిదే ఎవరును దాని క్రిందికి పోరాదు. ఏటవాలు గట్ల దాపున కట్టను విడుచునపుడు అది దొర్లు దిక్కున మనుష్యులు ఉండరాదు.

5. ఎండుగడ్డి సైలెన్సరు వద్దను, బేరింగుల వద్దను పేరుకొన్నచో వేడికి అంటుకొనును. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పూటకొకసారియైన దానిని తుడిచివేయవలెను. ట్రాక్టరుపై రెండు బిందెల నీరో, మంటలార్పు సాధనమో ఉంచవలెను. దాపున చుట్ట, బీడీ కాల్చరాదు.

6. పిల్లలను చేలోనికి రానీయరాదు. ట్రాక్టరు మడ్‌గార్డు మీదగాని, యంత్రము మీదగాని ఎవరిని కూర్చుండబెట్టరాదు.

దారిలో మరి రెండు అపాయములు

ధవళేశ్వరమునుండి సాగు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల గట్లే అనేక గ్రామములకు దారులు. గట్టు అంచు మెత్తగా నున్నచోట యంత్రము బరువునకు ట్రాక్టరు కాలువలోనికి ఒరగును. కావున ఇరుకు గట్లపై నెమ్మదిగా, మధ్యగా నడుపవలెను. చీకటిలో పోవునపుడు వెనుక ఎఱ్ఱదీపము తప్పక ఉండవలెను.

రెండవది విద్యుత్తు తీగ. కట్టలను ట్రక్కుపై మితిమీరి ఎత్తుగా పేర్చినపుడు వ్రేలాడు తీగ తగిలి గడ్డి భగ్గుమనును. పైన కూర్చున్నవారు బయటపడుటకు వ్యవధి యుండదు. లోడు మీద మనుష్యులు కూర్చుండరాదు. చేల మీదను, దారుల మీదను తీగలు క్రిందికి జారినచోట్లను కోతలకు ముందే గుర్తించి 1912 నంబరునకు ఫిర్యాదు చేయవలెను.

ప్రమాదము జరిగినచో

తక్షణము ఇంజను ఆపవలెను. 108 నంబరునకు ఫోను చేయవలెను. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. వ్రేలు తెగి పడినచో దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్కు సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచునీటిలో ఉంచి గాయపడిన వానితోబాటు ఆసుపత్రికి పంపవలెను. మంచుగడ్డ వ్రేలికి నేరుగా తగులరాదు. పసుపు, కాఫీపొడి వంటివి గాయమున కద్దరాదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఇట్టి ప్రమాదములు మన దేశమునకు క్రొత్త కావు. ఉత్తర భారతమున గోధుమ నూర్పిడి యంత్రములు వ్యాపించిన కాలమున అనేకులు చేతులు పోగొట్టుకొనిరి. పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసి, నూర్పిడి యంత్రముల భద్రతకును, గాయపడినవారి నష్టపరిహారమునకును ఏర్పాటు చేసినది. చట్టము యంత్రమునకు తొడుగు వేయింపగలదు. చేలో ఇంజను ఆపవలసినవాడు మాత్రము మనిషియే. ఆ అలవాటును గ్రామమే కలిగింపవలెను.

కోతలు ప్రారంభము కాకముందే యంత్రముల యజమానులను, డ్రైవర్లను, రైతులను పంచాయతీ కార్యాలయమునకు పిలిచి మూడు మాటలు ఒప్పింపవలెను. అడ్డు తొలగించుటకు పట్టిన కాలమునకు డ్రైవరు కూలి తగ్గరాదు. యంత్రము నడచుచుండగా చేయి పెట్టుమని ఏ రైతును తొందరపెట్టరాదు. తాళపుచెవి త్రిప్పగానే స్టార్టు కాని ట్రాక్టరును, షాఫ్టునకు తొడుగు లేని యంత్రమును ఊరి చేలలోనికి రానీయరాదు. బయటి ఊళ్ళనుండి వచ్చు యంత్రములకును ఇదియే కట్టుబాటు. ఈ తీర్మానమును గ్రామసభలో చదివించి, దండోరా వేయింపవలెను.

ఈ యేర్పాటునకు పంచాయతీ నిధులు ఖర్చు కానక్కరలేదు. అడ్డుపడిన గడ్డిని ఇంజను ఆపి తీసినచో అయిదు నిమిషములు ఆలస్యమగును. ఆపక తీయబోయి చేయి పోయినచో ఆ కుటుంబమునకు జీవితాంతము పని ఆగిపోవును. ఈ ఒక్క మాట ప్రతి డ్రైవరు చెవిని పడునట్లు చేసిన సభ్యుడు తన వార్డునకు గొప్ప ఉపకారము చేసినవాడగును.